వరండాలో కుర్చీ

దామోదర్ రావు ఆఫీసులో కుర్చీలు ఉండేవి కావు. మెదక్ మున్సిఫ్ కోర్టుకు వెళ్లే దారిలో ఆయన ఇల్లు. ఇంటి ముందు గదే ఆఫీసు. గది నిండా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి, గోడ పొడవునా దిండ్లు. దాన్ని గద్దె అనేవారు. నిజాం కాలంలో ఆయన తండ్రి ఆ గద్దె మీద కూర్చునే ఉర్దూలో వకాలతు చేశాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్లయింది. ఫైళ్లు ఇంగ్లీషులోకి మారాయి. గద్దె మారలేదు.

గద్దెకు ఒక కాయిదా ఉంది. క్లయింటు చెప్పుకున్న కథను గద్దె మీద కూర్చుని ఎవరు విన్నారో వాళ్లే కోర్టులో లేచి మాట్లాడాలి. విననివాళ్లు మాట్లాడకూడదు. తండ్రి పెట్టిన ఆ నియమాన్ని దామోదర్ రావు వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. "చెవుల పడని కేసు నోట్లకెల్లి రాదు" అనేవాడు.

ఇంకో కాయిదా కూడా ఉంది. దాన్ని ఎవరూ చెప్పేవారు కాదు. పటేళ్లు, పట్వారీలు, షావుకార్లు చెప్పులు విడిచి గద్దె అంచున కూర్చునేవారు. చిన్న రైతులు గడప దగ్గర నేల మీద కూర్చునేవారు. మాల మాదిగలు మెట్ల కింద వాకిట్లో నిలబడేవారు. గుమాస్తా మల్లేశం మెట్లు దిగి వాళ్ల మాట విని, మెట్లెక్కి లోపల చెప్పేవాడు. లోపలి ప్రశ్నను మళ్లీ కిందికి తెచ్చేవాడు.

ఎలిశిబా ఆ ఆఫీసులో చేరడానికి కారణం దామోదర్ రావు ఉపన్యాసం. గాంధీ జయంతి సభలో ఆయన, తన ఆఫీసులో కులం లేదు, మతం లేదు, ఆడా మగా తేడా లేదు అన్నాడు. చప్పట్లు ఆగాక మిషన్ స్కూలు హెడ్మాస్టరు జయానందం ముందు వరుసలో లేచి నిలబడ్డాడు.

"సంతోషం వకీలు సాబ్. మా వడ్ల యాకోబు బిడ్డ ఎలిశిబా ఉస్మానియాల లా పాసయింది. రేపు పంపియ్యమంటరా?"

సభ అంతా దామోదర్ రావు వైపు చూసింది. పంపించమన్నాడు.

యాకోబును వడ్ల యాకోబు అనేది పనిని బట్టి. మిషన్ వడ్రంగి షెడ్డులో పని చేసేవాడు. కులానికి మాదిగ. ఆ సంగతి మెదక్‌లో ఎవరూ అడగనక్కర్లేదు, ఎవరూ మర్చిపోయేవారు కాదు.

మొదటి రోజు ఎలిశిబా చెప్పులు విడిచి గడప దాటబోతే మల్లేశం అడ్డం వచ్చాడు.

"అటు గాదమ్మా. మీకోసం సాబ్ కుర్చీ తెప్పించిండు. కొత్తది. వరండాల ఏసిన."

ఆమె గడప దగ్గరే నిలబడి లోపలికి చూసింది. దామోదర్ రావు దిండుకు ఆనుకుని ఉన్నాడు.

"గద్దె మీద నీకు ఇబ్బందైతదమ్మా" అన్నాడు. "ఇంగ్లీషు చదువు చదివినదానివి. కాళ్లు నొస్తయ్."

"ఇంట్ల కిందనే కూసుంటం సార్. నొయ్యవు."

"మొగోళ్లు వస్తుంటరు, పోతుంటరు. కుర్చీ అయితె నీకు మర్యాద. మా ఆఫీసుల నాకు గూడ కుర్చీ లేదు, ఆలోచించు."

కొత్త జూనియర్ వచ్చిన రోజున సీనియర్ తమలపాకు, వక్క పెట్టి మొదటి ఫైలు చేతికివ్వడం ఆ ఆఫీసు పద్ధతి. ఎలిశిబాకు ఆకు, వక్క, ఫైలు మల్లేశం తెచ్చాడు. చేతికివ్వలేదు. బల్ల మీద పెట్టి పోయాడు.

కుర్చీ బజారుకు ఎదురుగా ఉండేది. దారిన పోయే వాళ్లకు ముందు ఎలిశిబా కనిపించేది, తర్వాత బోర్డు కనిపించేది. సంగారెడ్డి నుంచి ప్లీడర్లు వచ్చినా, హైదరాబాదు నుంచి ఆఫీసర్లు వచ్చినా దామోదర్ రావు మెట్ల దగ్గరే ఆగి ఆమెను చూపేవాడు. "మా ఎలిశిబా. లా గ్రాడ్యుయేట్. మా ఆఫీసుల గిట్లాంటి పట్టింపులు లేవు." వాళ్లు తల ఊపి, చెప్పులు విడిచి గద్దె మీదికి వెళ్లేవారు. ఆమె ఫైలులో తల పెట్టుకునేది.

దావాలు, జవాబులు ఆమే రాసేది. కథ మాత్రం లోపల జరిగేది. లోపల విన్నవాళ్లు కోర్టుకు వెళ్లేవారు. తర్వాతి ఏడు ఇంద్రకరణ్ అనే జూనియర్ వచ్చాడు. మొదటి రోజే గద్దె మీద కూర్చున్నాడు. నెల తిరక్కముందే కోర్టులో లేచి నిలబడ్డాడు. అతను చదివిన జవాబు ఎలిశిబా రాసింది.

"గద్దె మీదికి ఎప్పుడు రమ్మంటరు సార్?" అని ఆమె ఒకసారి అడిగింది.

"ఏం తొందర? కుర్చీ బాగలేదా?" అన్నాడు దామోదర్ రావు.

ఆ వానాకాలం చివర్లో పాపన్నపేట వైపు నుంచి ఐలవ్వ వచ్చింది. ఊరి పటేలు కిష్టారెడ్డి ఆమె మీద దావా వేశాడు. మొగుడు చచ్చాక ఐలవ్వ తన చెల్కను, అంటే మెట్ట పొలాన్ని, వదిలి పోయిందని, అప్పటి నుంచి తానే దున్నుతున్నానని, ఆమె అందులో అడుగు పెట్టకుండా ఆర్డరు ఇవ్వాలని అతని వాదన. చెల్క ఎవరి చేతిలో ఉందన్న దాని మీదే కేసు. చెల్క పోతే ఐలవ్వకు ఇంకేమీ లేదు.

ఐలవ్వ వాకిట్లో నిలబడింది. లోపల గద్దె అంచున శంకరంపేట నుంచి వచ్చిన పట్వారీ ఒకడు తన పని కోసం కూర్చుని ఉన్నాడు. మల్లేశం మెట్లు దిగాడు.

"చెప్పు. జర జల్ది."

"మా ఆయన సచ్చిపోయినంక దినాలు చేసి ఎల్దుర్తికి పోయిన. మా అవ్వ గాడనే ఉంటది, దానికి కండ్లు గనవడవు. గని చెల్క ఇడిసిపెట్టలే. మా మరిది ఎల్లం జొన్న ఏసిండు. మంచె గట్టి కావలి గాసిండు. పటేలు మనుషులు వచ్చి దించుడు, వాడు మల్ల ఎక్కుడు. దించుడు, ఎక్కుడు. కోతలకు నేనొచ్చిన. కోసుకున్నం."

మల్లేశం మెట్లెక్కాడు.

"మొగడు సచ్చినంక తల్లిగారింటికి పోయిందట సాబ్, ఎల్దుర్తికి. కోతలప్పుడు వచ్చిందట."

"అంటె నడుమ చెల్క ఇడిసిపోయింది" అన్నాడు దామోదర్ రావు. "ఏం నిలబడది ఈ కేసు. రాజీ మంచిది. సగం పటేలుకు ఒదిలెయ్యమను. ఇంద్రకరణ్, నువ్వు చూడు."

మల్లేశం గడప దగ్గరికి వచ్చి కిందికి కేక వేశాడు. "సగం ఇడిసిపెట్టుమంటుండు సాబ్."

"ఏ సగం?" అంది ఐలవ్వ. "నా పానమే గా చెల్క. తల దిక్కు సగమా, కాళ్ల దిక్కు సగమా? కోసుడు మొదలువెడితె యాడ ఆపుతరు?"

వరండాలో కుర్చీ మెట్లకూ గడపకూ మధ్య ఉంది. కింద ఐలవ్వ అన్నదీ, లోపల మల్లేశం చెప్పిందీ రెండూ వినిపించే చోటు ఆ ఇంట్లో అదొక్కటే. ఎలిశిబా లేచి గడప దగ్గరికి వెళ్లింది.

"సార్, ఆమె చెప్పింది అది గాదు."

"నేను అబద్ధం చెప్పిన్నా?" అన్నాడు మల్లేశం.

"అబద్ధం చెప్పలే. ఎల్లంను మెట్ల మీద ఇడిసిపెట్టి వచ్చినవ్." ఆమె దామోదర్ రావు వైపు తిరిగింది. "ఆమె పోయినప్పుడు మరిది జొన్న ఏసిండు సార్. మంచె మీద కావలి ఉన్నడు. చెల్క వాళ్ల చేతులకెల్లి పోలే. రాజీ ఎందుకు?"

"ఇంద్రకరణ్ చూస్తడు. నువ్వు పోయి రాసుకో."

"ఇంద్రకరణ్ సార్ విన్నరా ఆమె మాట?"

ఇంద్రకరణ్ దిండు సర్దుకున్నాడు. "మల్లేశం చెప్పిండు గద" అన్నాడు.

"విన్నోళ్లే మాట్లాడాలె అన్నది ఈ ఆఫీసు కాయిదా. మీరే చెప్పిన్రు సార్. మీరు వినలే. ఇంద్రకరణ్ సార్ వినలే. నేను విన్న. కోర్టుల నేను మాట్లాడుత."

"గద్దె మీద కూసుని వినాలె" అన్నాడు దామోదర్ రావు.

"అయితె ఆమెను గద్దె కాడికి పిలువుండ్రి. మీరంతా వినుండ్రి. నేను నా కుర్చీల కూసుంట."

శంకరంపేట పట్వారీ దగ్గి, కాళ్లు దగ్గరికి తీసుకున్నాడు.

ఎలిశిబా వరండాలోకి తిరిగి వచ్చింది.

"ఐలవ్వా, పైకి రా."

"యాడికి బిడ్డా?"

"మెట్లెక్కి ఈడికి."

ఐలవ్వ మల్లేశం వైపు చూసింది. మల్లేశం లోపలికి చూశాడు. ఐలవ్వ మెట్లెక్కింది. ఎలిశిబా కుర్చీని ఆమె వైపు తిప్పింది.

"కూసో."

"ఏయ్, ఏయ్!" మల్లేశం పరుగెత్తి వచ్చాడు. "అది ఆఫీసు కుర్చీ అమ్మా!"

"నాకోసం తెప్పించిన్రని నువ్వే చెప్పినవ్ గద మల్లేశం."

"మీకోసం. ఊరందరి కోసమా?"

"మా ఇంటికొచ్చినోళ్లకు నా సాప ఏస్త. ఇది గూడ గట్లనే."

ఐలవ్వ కుర్చీ అంచున కూర్చుంది. తర్వాత వెనక్కి జరిగి ఆనుకుంది. చేతులు రెండు పక్కలా పెట్టి చూసింది.

"గట్టిగున్నది బిడ్డా" అంది. "గీ దానికా గింత లొల్లి?"

ఎలిశిబా వరండా నేల మీద కూర్చుని కాగితాలు మోకాలి మీద పెట్టుకుంది. "మొదటికెల్లి చెప్పు. ఎల్లం పేరు ఎన్నిసార్లు వస్తె అన్నిసార్లు చెప్పు."

బజారులో ఇద్దరు ఆగారు. తర్వాత సైకిలు వాడొకడు కాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. దామోదర్ రావు గడప దాటి బయటికి వచ్చాడు.

"ఏంది ఎలిశిబా ఈ తమాష? బజార్ల మంది చూస్తుండ్రు."

"చూడనియ్యండ్రి సార్. చూడాలనే గద కుర్చీ ఈడ ఏసిన్రు."

"రేపటికెల్లి రావద్దు అంటె?"

"అనుండ్రి. బోర్డు మీద నా పేరు లేదు, చెరిపే పని లేదు. కుర్చీ లోపలికి తీస్కపోతె అయిపాయె. జయానందం సార్ అడుగుతడు కుర్చీ ఏమాయెనని. మీరే చెప్పుకోండ్రి."

దామోదర్ రావు బజారు వైపు చూశాడు. సైకిలు వాడు నమస్కారం పెట్టాడు. ఆయన ప్రతినమస్కారం చేసి లోపలికి వెళ్లాడు. వెళ్తూ ఐలవ్వతో, "నీ కేసు ఇంద్రకరణ్ సాబ్ చూస్తడు" అన్నాడు.

"గా సాబ్ మొకం నేను సూడలే, నా మొకం ఆయన సూడలే" అంది ఐలవ్వ కుర్చీలోంచి లేవకుండా. "నా మాట విన్న పిల్ల గీడున్నది. వకాలతు గీమె పేరు మీదనే రాయుండ్రి. వేరేటోళ్లకు నేను ఏలుముద్ర ఎయ్య."

వకాలతు ఎలిశిబా పేరు మీదే రాశారు. శంకరంపేట పట్వారీ తన పని వేరే వకీలుకు ఇచ్చాడు. ఆ సంగతి మల్లేశం రోజూ వరండా స్తంభానికి చెప్తున్నట్టు చెప్పేవాడు. "పాత క్లయింటు. పోయిండు. ఎందుకు పోయిండో దేవునికెరుక." వరండాలోకి చాయ్ రావడం ఆగింది. ఎలిశిబా ఇంటి నుంచి మంచినీళ్లు తెచ్చుకుంది.

"నౌకరి పోతె ఎట్ల బిడ్డా?" అని యాకోబు ఇంట్లో చిత్రిక పట్టే రంద తుడుస్తూ అడిగాడు. "కట్టె మీద ముడి ఉన్న కాడ రంద గట్టిగ తోస్తె కట్టె చినుగుతది. మెల్లగ పోవాలె."

"మెల్లగనే పోయిన నాయినా. ఏడాది కుర్చీల కూసున్న. ముడి అట్లనే ఉన్నది."

యాకోబు రంద పక్కన పెట్టాడు.

దావా విచారణకు వచ్చిన రోజు మున్సిఫ్ కోర్టు గది నిండింది. నల్లకోటు వేసుకున్న ఆడమనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. ఐలవ్వ, ఎల్లం గోడ పక్కన నిలబడ్డారు. దామోదర్ రావు వెనక బెంచీలో కూర్చున్నాడు. వేరే కేసు ఉందని చెప్పాడు. చేతిలో ఫైలు లేదు.

పటేలు కిష్టారెడ్డి బోనెక్కి ప్రమాణం చేశాడు. ఐలవ్వ చెల్కను వదిలి పోయిందని, ఆ ఏడు ఆమె తరఫు మనిషి ఒక్కడు కూడా అందులో అడుగు పెట్టలేదని, తన మనుషులే దున్ని జొన్న వేశారని తన వకీలుకు చెప్పాడు. మున్సిఫ్ రాసుకున్నాడు. తర్వాత ఎలిశిబా లేచింది. వెనక ఎవరో నవ్వారు. ఆమె ఆ నవ్వు ఆగేదాకా ఆగింది.

"పటేలు గారూ, ఐలవ్వ మరిది ఎల్లంను ఎరుగుదురా?"

"ఎరుగుదు. మా ఊరోడే."

"ఆ ఏడు చెల్కల జొన్న అతనే ఏసిండని మేమంటున్నం."

"అబద్ధం."

"మంచె అతనే కట్టిండంటున్నం."

"అబద్ధం. వాడు ఆ దిక్కే రాలే."

"మంచె మీద కూసుని పంట గాసిండంటున్నం. మీరు కింద తొవ్వల పోతుంటె వాడు పైన కూసునే ఉండె. లేవలే. దిగలే. మీరు పటేలు అయ్యుండి ఏం జెయ్యలేకపోయిన్రు."

కిష్టారెడ్డి వకీలు లేవబోయాడు. కిష్టారెడ్డి అతన్ని చూడలేదు. గోడ పక్కన ఉన్న ఎల్లంను చూశాడు. గదిలో సగం మంది అతని ఊరివాళ్లు.

"ఎవలు? వాడా?" అన్నాడు. "నేను కింద పోతుంటె వాడు పైన కూసుంటడా? కూసోనిస్తనా? మా జీతగాడు గాలయ్యను తోలి కిందికి గుంజిచ్చిన. మల్ల ఎక్కిండు. మల్ల గుంజిచ్చిన. అడుగుండ్రి వాన్నే, ఎన్నిసార్లు దించిన్నో!"

మున్సిఫ్ కలం ఆపాడు. "మళ్లీ చెప్పండి" అన్నాడు.

కిష్టారెడ్డి వకీలు చేత్తో సైగ చేశాడు. కిష్టారెడ్డి గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. మున్సిఫ్ రాశాడు.

"ఎల్లం ఆ దిక్కే రాలేదని చెప్పిన్రు" అంది ఎలిశిబా. "రానోన్ని మంచె మీదికెల్లి ఎట్ల గుంజిచ్చిన్రు?"

కిష్టారెడ్డి తన వకీలు వైపు తిరిగాడు. వకీలు బల్ల వైపు చూస్తున్నాడు. ఎలిశిబా ఇంకేమీ అడగకుండా కూర్చుంది.

ఎల్లం సాక్ష్యానికి వచ్చినప్పుడు పటేలు వకీలు, "ఐలవ్వ నీకు వదిన గాబట్టి ఆమె దిక్కు చెప్తున్నవ్" అన్నాడు.

"వదిననే సాబ్" అన్నాడు ఎల్లం. "పరాయిదాని కోసం గన్నిసార్లు కింద పడుదునా?"

దావా కొట్టేశారు. చెల్క ఐలవ్వ చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు ఎలిశిబా మెట్లెక్కేసరికి దామోదర్ రావు గడప దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో తమలపాకు, వక్క, ఒక ఫైలు ఉన్నాయి.

"లోపలికి రామ్మా. ఈ పొద్దుకెల్లి గద్దె మీద కూసో."

ఎలిశిబా చెప్పులు విడవలేదు.

"ఐలవ్వ వస్తె యాడ కూసుంటది సార్?"

"ఐలవ్వ కేసు అయిపాయె గద."

"వేరే ఐలవ్వ వస్తది."

"క్లయింట్ల సంగతి వేరు. ఎవల జాగ వాళ్లకున్నది. నీ సంగతి మాట్లాడుతున్న నేను."

"నేను గూడ నా సంగతే మాట్లాడుతున్న. మా అమ్మ కేసు పెడితె ఆమె గూడ ఆ వాకిట్లనే నిలబడాలె. ఆమె కింద, నేను గద్దె మీద. నాకు వద్దు సార్."

"ఇంత చేసి, రమ్మంటె రానంటవా?"

"రాను. ఫైలు ఇయ్యండ్రి, రాస్త. చేతికియ్యండ్రి."

దామోదర్ రావు ఫైలు చేతికిచ్చాడు. తమలపాకు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

ఆ ఆదివారం యాకోబు ఒక బెంచీ చేశాడు. సోమవారం దాన్ని భుజం మీద మోసుకొచ్చి వరండాలో గోడకు ఆనించి వేశాడు. మల్లేశం చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది వకీలు ఆఫీసా, బస్టాండా?"

"టికెట్ లేదు మల్లేశం. కూసో" అన్నాడు యాకోబు. మల్లేశం కూర్చోలేదు.

బెంచీ ఖాళీగా ఉన్న రోజులు మొదట్లో కొన్ని ఉన్నాయి. తర్వాత పాపన్నపేట వైపు నుంచి, ఎల్దుర్తి నుంచి మనుషులు రావడం మొదలైంది. గడప దగ్గర కూర్చునే రైతులు కూడా కొందరు, లోపలి వంతు వచ్చేదాకా ఆగలేక, బెంచీ మీద చోటు చూసుకున్నారు. కొందరు బెంచీని చూసి వెనక్కి పోయారు. ఎలిశిబా వాళ్లను పిలవలేదు. ఎవరు ఏం చెప్పినా వాళ్ల నోటి నుంచే వినేది, తానే కోర్టుకు వెళ్లేది. మల్లేశానికి మెట్లు దిగి ఎక్కే పని తగ్గింది. ఆ సంగతి కూడా అతను స్తంభానికి చెప్పాడు.

చలికాలంలో ఒక పొద్దున ఐలవ్వ మళ్లీ వచ్చింది. తనకేమీ కేసు లేదు. తన ఊరి బాలలక్ష్మిని వెంట తెచ్చింది. బాలలక్ష్మి పొలానికి పోయే బాటను పటేలు ముళ్లకంపతో మూయించాడు. బెంచీ మీద ఐలవ్వ, బాలలక్ష్మి, ఇంకో ముసలాయన కూర్చున్నారు. ఎలిశిబా కుర్చీ వాళ్లకు ఎదురుగా తిప్పి ఉంది. లోపల గద్దె మీద ఇంద్రకరణ్ ఒక్కడే ఫైలు చూసుకుంటున్నాడు.

బాట కేసు మెదక్‌లో తేలేది కాదని, సంగారెడ్డి జిల్లా కోర్టు దాకా పోతుందని దామోదర్ రావు చెవిన పడింది. పెద్ద కేసు, జిల్లా కోర్టులో సీనియరే లేచి మాట్లాడాలి. ఆయన లోపలి నుంచి పిలిచాడు.

"మల్లేశం! ఏమంటున్నరో అడిగి రా."

మల్లేశం గడప దగ్గరికి వచ్చాడు. ఎలిశిబా అతని వైపు చూసింది. అతను లోపలికి తిరిగి, "మీరే రాండ్రి సాబ్" అన్నాడు. "నేను చెప్తె ఎవలో ఒకలు మెట్ల మీద ఉండిపోతరంటది ఈమె."

దామోదర్ రావు బయటికి వచ్చాడు. వరండాలో నిలబడ్డాడు. బాలలక్ష్మి లేవబోయింది. ఐలవ్వ ఆమె కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"చెప్పు" అన్నాడు దామోదర్ రావు, నిలబడే.

బాలలక్ష్మి తల తిప్పి ఎలిశిబాను చూసింది.

"సంగారెడ్డిల మీరే మాట్లాడాలె సార్" అంది ఎలిశిబా. "మాట్లాడాలంటె వినాలె. వినాలంటె కూసోవాలె. కాయిదా మీదే."

బజారులో మనుషులు పోతున్నారు. ఎలిశిబా కుర్చీలోంచి లేవలేదు. వరండాలో ఇంకో కుర్చీ లేదు.

ఐలవ్వ బాలలక్ష్మిని పక్కకు నెట్టి, తాను జరిగి, బెంచీ మీద జానెడు చోటు చేసింది. కొంగుతో ఆ చోటు తుడిచింది.

"కూసోండ్రి వకీలు సాబ్" అంది. "గట్టిగుంటది. అలవాటైతది."

దామోదర్ రావు ఒకసారి గద్దె వైపు చూశాడు. పంచె కుచ్చెళ్లు పైకి పట్టుకుని కూర్చున్నాడు.

"ఇగ చెప్పు బాలలక్ష్మీ" అంది ఎలిశిబా. "మొదటికెల్లి."